ఎవరి ఎంగిలి?

భయాన్ని తూచే కాటా ఒకటి తయారైంది. రోగమంటే ఎవరికెంత బెదురో, తనకు రోగం సోకుతుందని ఎవరెంత నమ్ముతున్నారో అంకెల్లో చెప్పేస్తుందట. డంకన్, షాలర్, పార్క్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2009లో దాన్ని ప్రకటించారు. మొత్తం 15 వాక్యాలు. ఒక్కో వాక్యం పక్కన 7 మెట్లు. అస్సలు ఒప్పుకోను అన్న దగ్గర్నుంచి పూర్తిగా ఒప్పుకుంటాను అన్నదాకా. ఒక రకం వాక్యాలు నీకు రోగం త్వరగా సోకుతుందని నువ్వు అనుకుంటున్నావా అని అడుగుతాయి. రెండో రకం క్రిములంటే నీకెంత రోత అని అడుగుతాయి. మొదట ఈ వాక్యాలకు జవాబులిచ్చింది కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న పిల్లలు. తర్వాత అది ఎన్నో భాషల్లోకి పోయింది. కోవిడ్ వచ్చాక మరీ గిరాకీ పెరిగింది. ఈ దేశంవాళ్ళు ఇంత భయస్తులు, ఆ దేశంవాళ్ళు ఇంత మొండివాళ్ళు అని పక్కపక్కన పెట్టి చూపిస్తున్నారు.

కొలవడం మీద మాకు కోపం లేదు. ముస్లింలు ఎంత వెనకబడ్డారో 2006లో సచార్ కమిటీ లెక్క కట్టి చూపించేదాకా మా మాటని ఏడుపుగానే విన్నారు. అంకెల విలువ మాకు తెలుసు. అందుకే కాటాను విసిరికొట్టం. దాని తక్కెట్లో ఏం పెట్టారు, ఏం పెట్టలేదు అని మాత్రం అడుగుతాం.

పిఠాపురంలో పెట్టి చూద్దాం. నలుగురూ వచ్చిపోయే ఊరు ఇది. పాదగయలో పిండాలు పెట్టడానికి, కుక్కుటేశ్వరుడికి, పురుహూతికా అమ్మవారికి మొక్కడానికి, శ్రీపాద శ్రీవల్లభుడి కోసం మరాఠీ దేశం నుంచీ కన్నడ దేశం నుంచీ కూడా జనం దిగుతారు. సూఫీ పరంపరలోంచి వచ్చిన విశ్వ విజ్ఞాన విద్యా ఆధ్యాత్మిక పీఠం కూడా ఇక్కడే ఉంది. దాని పీఠాధిపతుల్లో ఒకరైన ఉమర్ ఆలీషా (1885-1945) తెలుగు పద్యం రాసిన ముసల్మాను, ఢిల్లీలో కేంద్ర శాసనసభకు వెళ్ళినవాడు. పక్కనే ఉప్పాడ. అక్కడ నేసే జామ్దానీ చీర పేరులో ఉన్నది పారశీకం, నేసే చెయ్యి తెలుగుది. ఇంత కలగలిసిన ఊళ్ళో కాటా సరిగ్గా పనిచేస్తే, ఇంకెక్కడైనా పనిచేస్తుంది.

మొదటి చిక్కు కరచాలనం దగ్గర. ఎవరితోనైనా చేతులు కలిపాక తొందరగా చెయ్యి కడుక్కోవాలనిపిస్తుందా అని ఒక వాక్యం. నమస్కారం పెట్టి ఊరుకునే ఇంట్లో ఆ ప్రశ్నకు పనే లేదు. మా దగ్గర రెండు చేతులూ పట్టుకుని ముసాఫహా చేస్తాం, ఈద్ నాడు ఛాతీకి ఛాతీ ఆనించి కలుస్తాం. కాబట్టి మేం క్రిములకు భయపడని మొండివాళ్ళమని రాసుకోవాలి. ఆగండి. అదే మనిషి రోజుకు అయిదుసార్లు మోచేతులదాకా కడుక్కుంటాడు, నోరు పుక్కిలిస్తాడు, ముక్కులో నీళ్ళు పోసి చీదుతాడు. కాబట్టి మేం క్రిములకు విపరీతంగా భయపడేవాళ్ళమని కూడా రాసుకోవాలి. వుజూ చేసేవాడి మనసులో ఉన్నది క్రిమి కాదు, నమాజు. కానీ కాటాకి నమాజు ఆనదు. దానికి తెలిసింది కడిగిన చెయ్యి, కడగని చెయ్యి, అంతే.

ఇతరులు వాడి వదిలేసిన బట్టలు వేసుకోవడం ఇష్టముండదు అని మరో వాక్యం. తొడిగినవాడు ఎలాంటివాడో తెలియదు కదా అని దానికి కారణం కూడా జోడించారు. ఇది ఎవర్ని అడుగుతున్నారు? అన్న చొక్కా తమ్ముడికి, తమ్ముడి చొక్కా చిన్న తమ్ముడికి వచ్చే ఇంట్లో అడుగుతున్నారా? పనిచేసే ఇంటి అమ్మగారు పండక్కి ఇచ్చిన పాత చీరలోనే కూతుర్ని కాపరానికి పంపిన తల్లిని అడుగుతున్నారా? ఆమె మాకేం ఇబ్బంది లేదండి అంటుంది. కాటా మీద ఆమెకు చాలా తక్కువ అంకె పడుతుంది. పేదలకు రోగభయం లేదు, వాళ్ళకు శుభ్రం మీద శ్రద్ధ లేదు అని ఒక పరిశోధన పత్రం తయారవుతుంది. ఇష్టం లేదనడానికి కూడా పెట్టెలో ఇంకో చీర ఉండాలి గదా.

వ్యాధి ఒకటి ఊళ్ళో తిరుగుతుంటే నాకు అది వచ్చి తీరుతుంది అన్న వాక్యం చూడండి. పిఠాపురంలో ఏ అరుగు మీద కూర్చున్న ముసలమ్మనైనా ఈ మాట అడగండి. ఛ, ఛ, అలా నోటితో అనకూడదు నాయనా, తథాస్తు దేవతలుంటారు అంటుంది. మా ఇళ్ళలో అడగండి. ఖుదా నఖాస్తా అంటారు, ఫరిష్తాలు ఆమీన్ అనేస్తారని చెంపలు వేసుకుంటారు. ఇద్దరూ 7లో 1 దగ్గర వేలు పెడతారు. భయం లేక కాదు. లోపల వణుకుతూనే పెడతారు. చెడు మాట నోట రాకూడదన్న మర్యాద అది. ఆ మర్యాదకి అంకె వేసి ధైర్యం అని పేరు పెడితే ఆ అంకె దేనికి? ఈ విషయంలో హిందూ ముసలమ్మకీ ముసల్మాను ముసలమ్మకీ తేడా లేదు. తేడా వాళ్ళిద్దరికీ కెనడా విద్యార్థికీ మధ్య.

ఇవన్నీ అనువాదంతో సర్దుకునే చిక్కులే అని పండితులంటారు. ఒకసారి అటు తిప్పి, మళ్ళీ ఇటు తిప్పి, స్థానికులతో చదివించి సరిచేస్తాం అంటారు. చేసుకోండి. సరికానిది ఒకటుంది.

స్నేహితుడితో ఒకే సీసాలో నీళ్ళు తాగడానికి నాకు ఇబ్బంది లేదు అని ఒక వాక్యం. ఇంకొకరు కొరికిన పెన్సిల్‌తో రాయడం నాకు నచ్చదు అని ఒక వాక్యం. ఇంకొకరు, ఎదుటివాడు, ముందు వాడినవాడు. ఆ 15 వాక్యాల నిండా ఉన్నది ఈ పేరులేని మనిషే. కెనడాలో అలాంటి మనిషి ఉంటాడేమో. మన దేశంలో లేడు. ఎంగిలి తాగుతావా అని తెలుగువాణ్ణి అడగండి. వెంటనే ఎవరి ఎంగిలి అంటాడు. తల్లి ఎంగిలా? మొగుడి ఎంగిలా? గుడిలో దేవుడికి పెట్టిన నైవేద్యమా? మాల పల్లెలో వాడి ఎంగిలా? సాయిబు ఎంగిలా? ఒకే మనిషి 1 దగ్గరా వేలు పెడతాడు, 7 దగ్గరా పెడతాడు. ఎవరో తేలేదాకా అతనికి ఎంత భయమో అతనికే తెలియదు. భయం అతని లోపల లేదు. అతనికీ ఎదుటివాడికీ మధ్య ఉంది. ఆ మధ్యని వదిలేసి ఒక్కణ్ణే కాటా మీద నిలబెడుతున్నారు.

మా అనుభవం నుంచే చెబుతున్నాం. చూరులో విడిగా దోపి ఉంచిన గ్లాసు మాకు తెలుసు. టీ తాగి ఆ గ్లాసు మేమే కడిగి బోర్లించి రావడం తెలుసు. అప్పుడు కలరా లేదు, ప్లేగు లేదు, కరోనా లేదు. దళితుడికి ఇచ్చిన రెండో గ్లాసు ఏ క్రిమికి పుట్టింది? సూక్ష్మజీవుల సంగతి పాశ్చర్, కాక్ చెప్పకముందు ఎన్ని వందల ఏళ్ళ నుంచో ఆ గ్లాసు ఉంది. క్రిమి వచ్చి ఆ గ్లాసుకి కొత్త కారణం ఇచ్చింది, అంతే.

మా ఊరి జమీందారు పేరు మీద సూర్యరాయాంధ్ర నిఘంటువు అనే గొప్ప నిఘంటువు వచ్చింది. తెలుగు మాటల కోసం పిఠాపురం సంస్థానం చేసిన ఖర్చుకి మేమూ దండం పెడతాం. ఆ భాషలోనే అంటు అనే మాటని చూడండి. తాకడం అంటడం. సోకే రోగం అంటువ్యాధి. ఎంగిలి గిన్నెలు అంట్లు. ఇంటికి చావు వచ్చినా పురుడు వచ్చినా అంటు. ఊరి చివరకి నెట్టినవాడు అంటరానివాడు. చెయ్యని తప్పు నెత్తిన రుద్దితే అంటగట్టడం. రోగాన్నీ మనిషినీ ఒకే మాటతో కట్టేశాం. అంటువ్యాధి వస్తుందని భయమా అని తెలుగులో అడిగినప్పుడు, అడిగేవాడు వద్దనుకున్నా అంటరానితనం ఆ ప్రశ్నలోకి వచ్చి కూర్చుంటుంది. ఉర్దూలోకి పారిపోదామా? అక్కడ సోకే రోగం ఛూత్ కీ బీమారీ. అంటరానివాడు అఛూత్. రెండు భాషలు తెలిసినవాళ్ళకి రెండు చెంపలూ వాచాయి. అదే అంటు అనే మాట కడియం తోటల్లో వినండి, వేరే కొమ్మని తెచ్చి ఈ మొక్కకి కట్టి ఒకే చెట్టుగా పెంచడం అంటుకట్టడం. మామిడికి తెలిసిన ఆ అర్థం మనుషులదాకా రాలేదు.

కాటా తయారుచేసినవాళ్ళకి ఒక సిద్ధాంతం కూడా ఉంది. అందులోనే మాకు ప్రమాదం కనిపిస్తోంది. ఈ 2009 కాటాకి ముందే, 2004లో ఫాక్నర్, షాలర్, పార్క్, డంకన్ కలిసి ఒక పత్రం వెలువరించారు. తమకు రోగం సోకుతుందని ఎక్కువ భయపడేవాళ్ళు, తమకు పరిచయం లేని దేశాల నుంచి వచ్చే వలసవాళ్ళని ఎక్కువగా వద్దంటున్నారని అందులో చూపించారు. పరాయివాడంటే ముడుచుకోవడం మనిషి ఒంట్లో ఆదిమకాలం నుంచి ఉన్న రోగ రక్షణ అట. మరికొందరు ఇంకా ముందుకెళ్ళి, రోగాలు ఎక్కువున్న దేశాల్లోనే జనం తమ గుంపుకి అతుక్కుంటారు, బయటివాణ్ణి నమ్మరు అని 2008లో దేశదేశాల లెక్కలు తీశారు. వాళ్ళు దురుద్దేశంతో చేశారని మేం అనం. ద్వేషం ఎక్కణ్ణుంచి పుడుతుందో వెతికినవాళ్ళే. కానీ ఈ మాట మన దేశంలో దిగితే దేనికి పనికొస్తుందో ఆలోచించండి. వాడికి నువ్వంటే ద్వేషం లేదయ్యా, రోగమంటే భయం, అది ప్రకృతి అంటారు. అంటరానితనానికి ఇప్పటిదాకా కర్మ సిద్ధాంతం ఉంది. ఇకమీదట క్రిమి సిద్ధాంతం కూడా ఉంటుంది.

మా లెక్క తిరగబడి ఉంటుంది. ఇక్కడ భయం ముందు, ద్వేషం తర్వాత కాదు. ద్వేషం ఇంట్లో కూర్చుని ఉంది. రోగం వచ్చి తలుపు తట్టింది.

2020 మార్చి మధ్యలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో తబ్లీగీ జమాత్ సమావేశం జరిగింది. అక్కడ వ్యాధి సోకింది, అక్కణ్ణుంచి రాష్ట్రాలకు పాకింది. ఇది నిజం. దీన్ని దాచేవాడు మావాడైనా మేం ఒప్పుకోం. ఏప్రిల్ 18 నాటికి దేశంలోని 14,378 కేసుల్లో 4,291 మర్కజ్‌తో సంబంధం ఉన్నవని కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. ఆ అంకె వెనక ఇంకో అంకె ఉండాలి. ఎవరెవర్ని ఎంతమందిని పరీక్షించారన్నది. ఒక సభకి వెళ్ళొచ్చినవాళ్ళని పేరుపేరునా వెతికి, వాళ్ళ ఇంటివాళ్ళని, పక్కింటివాళ్ళని పట్టుకొచ్చి పరీక్షిస్తే వాళ్ళలో కేసులు కనిపిస్తాయి. మంచిదే, వెతకాల్సిందే. అయితే వెతకనిచోట కనిపించకపోవడాన్ని లేకపోవడం కింద జమకట్టారు. రోజువారీ బులెటిన్‌లో మర్కజ్‌కి ఢిల్లీ ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక గడి గీసింది. అక్కడి మైనారిటీల కమిషన్ అభ్యంతరం చెప్పాక గడి పేరు మారింది. విమానాశ్రయాల నుంచి దిగినవాళ్ళలో ఎవరి మతం ఏదని ఏ గడీ అడగలేదు.

ఇక ఊళ్ళ సంగతి. తోపుడుబండి మీద అరటిపళ్ళు అమ్ముకునేవాణ్ణి నీ పేరేంటని అడిగి కొనడం మొదలైంది. అరవై ఏళ్ళు ఆ పేరు తెలిసే కొన్నారు. పళ్ళకి ఉమ్మి పూస్తున్నారని, అన్నం మీద ఊదుతున్నారని వీడియోలు సెల్‌ఫోన్లలో తిరిగాయి. వాటిలో చాలా పాతవని, వేరే సందర్భానివని, అబద్ధాలని తర్వాత తేలింది. తేలేలోపు పళ్ళు కుళ్ళిపోయాయి. కరోనా జిహాద్ అని పేరు పెట్టిన టీవీలు మర్నాడు పాట పోటీలు వేసుకున్నాయి. ఏప్రిల్ మొదటివారంలో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి, ఇలాంటిది ఏ మతం సభలోనైనా జరగొచ్చు, దీన్ని ఒక మతానికి అంటగట్టొద్దు అన్న అర్థంలో టీవీలో చెప్పాల్సి వచ్చింది. చెప్పినందుకు సంతోషమే. చెప్పాల్సిన అవసరం వచ్చిందే, దాన్ని ఏ కాటా కొలిచింది?

ఊదడం అన్నాం గదా, ఒక్క నిమిషం ఆగాలి. కోస్తా ఊళ్ళలో మగ్రిబ్ నమాజు వేళకి మసీదు గుమ్మం దగ్గర ఎవరు నిలబడతారో మీరు చూసే ఉంటారు. జ్వరం పిల్లలని, రాత్రిళ్ళు ఉలిక్కిపడి ఏడ్చే పిల్లలని చంకనేసుకుని తల్లులు వస్తారు. వాళ్ళలో బొట్టు పెట్టుకున్నవాళ్ళే ఎక్కువ. నమాజు ముగించి బయటికొచ్చే సాయిబులు దువా చదివి పిల్లవాడి మొహం మీద ఊదిపోతారు. ఒకరు కాదు, వచ్చినవాళ్ళంతా. ఆ తల్లికి క్రిముల సంగతి తెలియదా? తెలుసు. వచ్చే ముందు పిల్లవాడికి క్రోసిన్ వేసే వస్తుంది. కొంతమంది నాస్తిక మిత్రులు దాన్ని మూఢనమ్మకం అంటారు, అననివ్వండి, ఇప్పుడు ఆ తగువు కాదు. ఎదుటివాడి ఊపిరిని పిల్లవాడి మొహం మీద పడనివ్వడం అంటే కాటా ప్రకారం క్రిమి భయం సున్నా. అదే ఊపిరి 2020 ఏప్రిల్‌లో బాంబు అయిపోయింది. ఆమె లోపలి భయం అనే వస్తువు ఒక్క నెలలో మారిపోయిందా? ఆమెకు సెల్‌ఫోన్‌లో వచ్చింది మారింది. పొరుగువాడి మీద నమ్మకం పోయింది. మీరు దాన్ని రోగభయం అని రాసుకుంటున్నారు.

మర్నాడే ఇంకో తమాషా. అదే నెలలో కోలుకున్న తబ్లీగీలు ఢిల్లీలో ప్లాస్మా దానం చేశారు. అప్పట్లో అదొక ఆశ. దానివల్ల పెద్ద ప్రయోజనం లేదని తేలి 2021 మేలో చికిత్స పద్ధతుల్లోంచి తీసేశారు, అది వైద్యుల విషయం. ముట్టుకోరాని ఒంట్లోంచి తీసిన రక్తపు నీరు నరంలోకి ఎక్కించుకోవడానికి ఎవరికీ క్రిమి అడ్డం రాలేదు. ప్రాణం మీదకొస్తే అంటు ఎగిరిపోతుందన్నది మా అమ్మమ్మలకి ఎప్పుడో తెలుసు.

2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేస్తూ వాళ్ళని బలిపశువుల్ని చేశారనిపిస్తోందని చెప్పింది. మర్కజ్ వాళ్ళకి ఆశ్రయమిచ్చారన్న నేరం మీద పెట్టిన 16 కేసుల్లో 70 మంది భారతీయుల మీద అభియోగాలని ఢిల్లీ హైకోర్టు కొట్టేసేసరికి 2025 జూలై వచ్చింది. అయిదేళ్ళు. ఈ లోపు 2021 ఏప్రిల్‌లో రెండో అల నెత్తి మీదికొస్తున్నప్పుడు హరిద్వార్ కుంభమేళాలో లక్షల మంది మునిగారు. ఆ మునిగినవాళ్ళని ద్వేషించమని మేం చెప్పడం లేదు. వాళ్ళూ బలైనవాళ్ళే. వాళ్ళ మతం పేరు ఏ గడిలోనూ రాయలేదని మాత్రం గుర్తుచేస్తున్నాం.

యాత్రికుణ్ణి రోగం మూటగా చూడటం మనవాళ్ళు కనిపెట్టింది కాదు. తెల్లదొర కనిపెట్టాడు. 1865లో హజ్‌లో కలరా పుట్టి యూరప్‌దాకా పాకింది. మరుసటి ఏడే కాన్‌స్టాంటినోపుల్‌లో దేశదేశాల వైద్యులు సమావేశమై హాజీల ఓడల మీద కన్నేశారు. ఆ తర్వాత ఎర్రసముద్రంలో కమరాన్ దీవిలో హాజీలని దించి నిర్బంధించారు. 1897లో బొంబాయి ప్లేగు నాడు హజ్ ఓడలనే ఆపేశారు. అదే కాలంలో అదే దొర పూరీ జగన్నాథ యాత్రికుల గురించి ఏం రాశాడో చదవండి. హంటర్ 1872లో ఒరిస్సా మీద రాసిన పుస్తకంలో ఆ యాత్రికులు కూడా ప్రపంచానికి కలరా మోసుకుపోయే మురికి మంద. హాజీనీ పూరీ వెళ్ళే బ్రాహ్మణ్ణీ దొర ఒకే తక్కెట్లో వేశాడు. పాదగయలో పిండం పెట్టేవాడూ దొర కంటికి అదే. ఇవాళ ఆ ఇద్దరు యాత్రికుల్లో ఒకరి వారసుడు దొర కాటాని చేతికి తీసుకుని రెండోవాడి వారసుణ్ణి తూస్తున్నాడు. చరిత్ర పుస్తకాలు తిరగేస్తే ఇద్దరూ ఒకే పేజీలో ఉన్నారు.

మురికి అన్న మాట వచ్చింది కాబట్టి అసలు లెక్క కూడా వినండి. సాయిబుల పేటలో ఇరుకు, మురుగు, చదువులేదు, డబ్బులేదు, కాబట్టి రోగం అని మాట. పేదరికం నిజమే. కానీ సచార్ కమిటీయే 2006లో ఒక వింత చెప్పింది. ఇంత పేదరికంలోనూ ముస్లింల ఇళ్ళలో పసిపిల్లల మరణాలు సగటు కన్నా తక్కువ. ఎందుకు తక్కువ? దీని మీద ఆర్థికవేత్తలు చాలాకాలం తల బద్దలు కొట్టుకున్నారు. మైకేల్ జెరూసో, డీన్ స్పియర్స్ అనే ఇద్దరు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల లెక్కలు తవ్వి 2018లో అచ్చువేసిన పత్రంలో ఒక జవాబు చెప్పారు. ముస్లింలు ఎంత పేదవాళ్ళయినా మరుగుదొడ్డి వాడటం ఎక్కువ, బహిర్భూమికి పోవడం తక్కువ. అందులో ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. ముస్లింలు ఎక్కువగా ఉండే వాడల్లో ఉన్న హిందువుల పిల్లలు కూడా ఎక్కువగా బతుకుతున్నారు. పొరుగువాడు దొడ్డి వాడితే పొరుగు పిల్లవాడు బతుకుతాడు, అంతే, ఇందులో ఏ మతం గొప్పా లేదు. అయితే మా పక్కన ఇల్లు అద్దెకివ్వమని, మా వీధిలో ఇల్లు కొనమని చెప్పేవాళ్ళు ఈ లెక్క ఒకసారి చూడాలి. కాటా మీద వాళ్ళ భయం 7. పక్కింటి సాయిబు వల్ల వాళ్ళ పిల్లవాడికి వచ్చిన ప్రమాదం సున్నాకి కిందనే. భయానికీ ప్రమాదానికీ మధ్య ఇంత దూరం ఉంటే కొలవాల్సింది ఆ దూరాన్ని.

మా ఇంటి గుమ్మం లోపలికి కూడా వద్దాం. లేకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. దస్తర్‌ఖాన్ పరిచి ఒకే పళ్ళెంలో నలుగురం తింటాం, మాలో అంటు లేదు అని వేదికల మీద చెప్పుకుంటాం. ఆ పళ్ళెం చుట్టూ ఎవరు కూర్చున్నారు? మెహతర్ కూర్చున్నాడా? ఊరి మలం ఎత్తిన మెహతర్ ముసల్మానుని ప్రభుత్వం బి.సి.-ఎలో పెట్టింది. దూదేకులని బి.సి.-బిలో పెట్టింది. ప్రభుత్వానికి కనిపించింది సయ్యదుకీ పఠానుకీ కనిపించదు. పాక్ అంటే ఉర్దూలో శుద్ధమైనది. తెలుగులో పాకీ అంటే ఎవరో అందరికీ తెలుసు. శుభ్రం చేసేవాడి పేరే మురికికి పేరైపోయింది. మసీదులో భుజానికి భుజం ఆనించి నిలబడే సయ్యదు, దూదేకులవాడు పిల్లనడిగితే నాలుగు అడుగులు వెనక్కి వేస్తాడు. ఆ నాలుగడుగులకీ రోగం కారణం కాదు. హదీసులో రోగం గురించి చాలా స్పష్టంగానే ఉంది. ప్లేగు ఉన్న ఊళ్ళోకి పోవద్దు, నువ్వున్న ఊళ్ళో వస్తే అక్కణ్ణుంచి కదలొద్దు అని. ఖలీఫా ఉమర్ సిరియా దారిలో ఈ కారణంగానే వెనక్కి తిరిగాడు. విధి నుంచి పారిపోతున్నావా అని తోటివాడు అడిగితే, ఒక విధి నుంచి ఇంకో విధికే పోతున్నానన్నాడు. మాకు ఉన్న శాస్త్రం ఇది. ఇందులో కులం లేదు. కులం మేం ఈ నేల నుంచి తీసుకున్నాం, తీసుకుని మాదిగా మాలా పక్కన నిలబడాల్సిన చోట షరీఫులమై కూర్చున్నాం.

ఇక భాష. పరిశోధన కోసం ఫారాలు ఢిల్లీ నుంచో హైదరాబాదు నుంచో వస్తాయి. ముస్లిం ఇల్లు అనగానే ఉర్దూ ఫారం తీస్తారు. అందులో ముతఅద్దీ అమ్రాజ్ అని రాసి ఉంటుంది. పిఠాపురంలో, ఉప్పాడలో, గొల్లప్రోలులో సాయిబుల ఇళ్ళలో ఆ మాట ఎవరికి తెలుసు? మా ఇళ్ళలో మాట్లాడే ఉర్దూలో సగం క్రియలు తెలుగువి. దూదేకుల ఇంట్లో అసలే తెలుగు. సరే తెలుగు ఫారం ఇస్తే అందులో అంటువ్యాధి గ్రహణశీలత అని ఉంటుంది. అది తెలుగువాడికే తెలియదు. రెండూ తెలియక ఆడమనిషి లోపలికి చూస్తుంది, లోపల్నుంచి మగమనిషి జవాబు చెబుతాడు. మగవాడి భయానికి ఆడదాని పేరు పెట్టి ఫారం మడిచేస్తారు. ఇంట్లో జ్వరం వచ్చినవాడి పక్కన కూర్చునేది, వాంతి ఎత్తిపోసేది ఆమె. రోగుల దగ్గర ఉండటం నాకు కంగారుగా ఉండదు అన్న వాక్యం అడగాల్సింది ఆమెనే. కంగారుపడే వీలు ఆమెకి ఎవరిచ్చారు?

మరి ఏం అడగాలి అంటారు. ముందు ఆ ఇంకొకరు అన్న మాట తీసెయ్యండి. ఆ చోట పేర్లు రాయండి. శాస్త్రిగారు తాగిన గ్లాసు, సుబ్బారావు తాగిన గ్లాసు, ఏసురత్నం తాగిన గ్లాసు, మస్తాన్ తాగిన గ్లాసు. ఒకే మనిషిని నాలుగుసార్లు అడిగి, నాలుగు జవాబులకీ మధ్య తేడా కట్టండి. ఆ తేడాలో క్రిమి ఎంతో, కులం ఎంతో, మతం ఎంతో తేలుతుంది. సయ్యదు ఇంట్లోనూ అడగండి, వరసలో మెహతర్ పేరు కలిపి. ఆ తర్వాత మీ 15 వాక్యాల్లో లేని భయం ఒకటుంది, దాన్ని చేర్చండి. రోగం నాకు వస్తుందన్న భయం కాదు అది. నన్నే రోగమంటారన్న భయం. 2020లో దగ్గు వస్తే మేం తలగడలో మొహం పెట్టుకుని దగ్గాం. పక్కింటికి వినపడకూడదని. పరీక్షకి వెళ్తే వీధికి బారికేడు కడతారని, పేపర్లో ఊరు పేరు పక్కన మతం పేరు పడుతుందని జ్వరం మాత్ర మింగి ఇంట్లో కూర్చున్నవాళ్ళున్నారు. మీ కాటా వాళ్ళని రోగమంటే లెక్కలేనివాళ్ళు అంటుంది.

కొత్త ఫారం అచ్చువేసేటప్పుడు ఈ వాక్యం కలపండి: జ్వరం వచ్చిందని చెప్పడానికి నాకు భయమేసింది. దాని పక్కన 7 గళ్ళు గియ్యొద్దు. ఎవరికి చెప్పడానికి భయమేసిందో రాసుకోడానికి ఒక గీత వదలండి.